కుడిచేతి గోడ

ఛెవాంగ్ మళ్లీ దగ్గాడు. ఈసారి దగ్గులో నీళ్లు గలగలలాడాయి.

ఆ చప్పుడు యాంగ్జికి తెలుసు. కిందటేడు వాళ్ల పక్కింటి గైడు ఇలాగే దగ్గుతూ, కాస్త ఊపిరి తీసుకుంటానని ఈ కనుమ కిందే ఒక రాయి మీద కూలబడ్డాడు. మళ్లీ లేవలేదు.

"ఈ ఎత్తులో గాలి చాలక నీకు కొండజబ్బు పట్టిందయ్యా. దిగిపోదాం."

"నాకా?" ఛెవాంగ్ నవ్వబోయాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. "ఈ కొండల్లో పుట్టినోడికి కొండజబ్బేంటే? చేపకి జలుబు చేసిందన్నట్టుంది."

"చలికాలమంతా ఖాట్మండులో కూతురింట్లో కూర్చుని మెక్కిన చేపకి చేస్తుంది మరి."

"నోరు ముయ్యి. వెనక్కి తిరిగానంటే రేపు లోయంతా నవ్వుతుంది. గైడు ఛెవాంగ్‌ని పెళ్లాం చెవి పట్టుకుని దింపుకొచ్చిందంటారు. ఆ మాటకంటే చావు నయం."

ఊరికే అనడం లేదు. ముప్ఫై ఏళ్లుగా ఆ మొండితనంతోనే కాపురం చేస్తోంది. పొమ్మంటే ఆగుతాడు, ఆగమంటే పోతాడు. చావమంటే మాత్రం ఇవాళ చచ్చేలా ఉన్నాడు.

వాళ్ల వెనక తులాధర్ ఉన్నాడు. పాటన్‌లో బట్టల కొట్టు. ఈ యాత్రకి ఆయనొక్కడే అతిథి. ఛెవాంగ్ దారి చూపిస్తాడు, యాంగ్జి వండిపెడుతుంది. పొద్దున్నుంచీ జోకులేసిన మనిషికి మంచు మొదలయ్యాక గొంతు పడిపోయింది.

"అక్కా, కాసిని వేడినీళ్లుంటే..."

"ఫ్లాస్కు పొద్దున బయల్దేరిన ఇంట్లో పొయ్యి దగ్గరే మర్చిపోయాను."

"బాగుంది!" ఛెవాంగ్ కసిరాడు. "వంటమనిషి ఫ్లాస్కు మర్చిపోతుంది, గైడుకేమో జబ్బని పేరు పెడుతుంది." రెండడుగులేసి తూలిపడ్డాడు. లేచి, "అమ్మా, నా టోపీ ఏది?" అన్నాడు.

టోపీ నెత్తి మీదే ఉంది. వాళ్లమ్మ పోయి పదేళ్లయింది.

యాంగ్జి అతడి జబ్బ పట్టుకుని నిలబెట్టింది.

అంతలో మంచుతెరలోంచి మణి గోడ కనిపించింది. నడుమెత్తు పొడుగాటి గోడ, ఒక కొస కనుమ వైపు, రెండో కొస వాళ్లు ఎక్కొచ్చిన దారి వైపు. రాయిరాయికీ చెక్కిన మంత్రాలు. చుట్టూ చదునైన నేల. ఇప్పుడు ఎటు చూసినా తెలుపే. నేలేదో ఆకాశమేదో తెలియడం లేదు.

ఒళ్లు తెలియకపోయినా ఛెవాంగ్‌కి అలవాటు తప్పలేదు. గోడని కుడివైపు ఉంచుకుని రాళ్లమీద చెయ్యి ఆన్చాడు. కనుమ ఎక్కేముందు ఇక్కడ మూడు చుట్లు తిరగనిదే అతడు కదలడు. వాళ్ల నాన్నా అంతే.

పెదవులు కదుపుతూ నడిచాడు. యాంగ్జి అతడి నడుముపట్టీ పట్టుకుంది. ఆమె వీపు మీది బుట్ట పట్టుకుని తులాధర్.

"ఎన్నోది?" ఛెవాంగ్ అడిగాడు.

"రెండే అయ్యాయి."

"మూడవలేదూ?"

"లేదు. దేవుడి దగ్గర దొంగలెక్కలా? తిరుగు."

"నాకైతే ముప్ఫై అయినట్టుంది," అన్నాడు తులాధర్ ఏడుపు గొంతుతో.

ఇంకాస్త నడిచారు. గోడ అయిపోయింది. ఛెవాంగ్ ఆగాడు. తల అటూ ఇటూ తిప్పాడు.

"ఇదేనా పైకొస?"

"ఇదే. పద." ఆమె వెనకనుంచి మెల్లగా తోసింది.

అతడు ముందుకి అడుగేశాడు.

ఆ తరవాత ఎంతసేపు నడిచారో! మంచు అడుగుజాడల్ని వేసినవి వేసినట్టే మింగేస్తోంది. పక్కన లోయ ఎక్కడో నోరు తెరుచుకునే ఉంది. ఛెవాంగ్ కాలు జారినప్పుడల్లా యాంగ్జి పట్టీ బిగించి లాగింది. చేతులు మొద్దుబారిపోయాయి.

ఉన్నట్టుండి ఛెవాంగ్ నిలబడ్డాడు.

"గాలి వీపుకి కొడుతోందేంటే?"

ఆమె వెంటనే అందుకుంది. "మధ్యాహ్నం దాటితే ఈ కొండమీద గాలి తిరుగుతుందని నువ్వేగా చెప్పావు."

"చెప్పానా?"

"వందసార్లు."

అతడు గొణుక్కుంటూ కదిలాడు. మరికాస్త దూరం పోయాక మళ్లీ ఆగాడు. ఈసారి ఆమె కళ్లలోకి చూశాడు.

"కనుమ ఏది? దిగుతున్నాంగా. కనుమ ఎప్పుడు దాటాం?"

"నువ్వే కదయ్యా, కనుమ మీద నిలబడి దేవతలకి జయమని కేక పెట్టావు! అప్పుడే మర్చిపోయావా?"

అతడు నమ్మకపోతే, ఇక్కడే ఎదురుతిరిగి కూర్చుంటే, ఇద్దరు మనుషులు కలిసినా అతణ్ని మోయలేరు. తులాధర్ తలెత్తి చాలాసేపయింది. బుట్ట అల్లిక తప్ప ఆయనకి ప్రపంచం లేదు.

ఛెవాంగ్ మొహంలో ఏదో బెదురు కదిలింది. మర్చిపోయానని ఒప్పుకోవడం అతడి వంశంలోనే లేదు.

"ఎందుకు మర్చిపోతాను? పెట్టాను. గట్టిగానే పెట్టాను." మళ్లీ నడిచాడు.

దిగేకొద్దీ గాలి చిక్కబడింది. దగ్గులో గలగల తగ్గింది. తూలడం తగ్గింది. సాయంత్రానికి, "తులాధర్ గారూ, మోకాళ్లున్నాయా, పైనే వదిలేశారా?" అని వేళాకోళం కూడా ఆడాడు. యాంగ్జి మొహం పక్కకి తిప్పుకుని కళ్లు తుడుచుకుంది.

పేడపిడకల పొగ వాసన. కుక్క అరుపు. మసకలో ఒక ఇల్లు.

"చూశావా?" ఛెవాంగ్ ఛాతీ విరుచుకున్నాడు. "కొండజబ్బంది! దిగిపోదామంది! నీ మాట వినుంటే ఈ పాటికి లోయంతా మనల్ని చూసి నవ్వుతుండేది."

"నీదే గెలుపులే," అంది యాంగ్జి. భయం ఇంకా తీరలేదు. తలుపు తెరుచుకుంటోంది.

దీపం పట్టుకుని ముసలావిడ బయటికొచ్చింది. ముగ్గుర్నీ ఎగాదిగా చూసి బుగ్గ నొక్కుకుంది.

"ఓసి పిచ్చిదానా, పొద్దున నా పొయ్యి దగ్గర మర్చిపోయిన ఫ్లాస్కు కోసం ఇంత మంచులో వీళ్లిద్దర్నీ వెనక్కి తిప్పుకొచ్చావుటే?"