పదకొండు ఆగడాలు

"ఏటీ? కల్తీ సినిమానా?" ముందు వరసలోంచి సౌభాగ్య దిగ్గున లేచింది. "ఇదిగో పిల్లా, మా ఆయన తీసిన సినిమాలో కల్తీ ఏటుందో ముందు అది సెప్పు."

స్టేజీ మీద మైకు పట్టుకున్న హరిప్రియ నాలుక కరుచుకుంది. "అరే నహీ ఆంటీ! కల్తీ కాదు, కల్ట్. అంటే... ఫ్యాన్స్ పిచ్చిగా ప్రేమించే సినిమా."

"అచ్ఛా! అలా సెప్పు మరి," అని కూర్చుంది సౌభాగ్య. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోని ఆ హాలంతా ఘొల్లుమంది.

స్టేజీ మీదున్న త్రినాథరావు మాత్రం నవ్వలేదు. ఇరవై ఏడేళ్ళ కిందట ఆయన తీసిన రోడ్డు సినిమా "ఇదిగో వస్తన్నా" విడుదలైన రోజే రోడ్డున పడింది. ఇప్పుడు కుర్రకారు దాన్ని ఫోన్లలో చూసి నెత్తిన పెట్టుకుంటే, ఇన్నాళ్ళకి ఈ సన్మానం. బల్ల మీద ఒక శాలువా, "ఉత్తమ దర్శకుడు" అని చెక్కిన జ్ఞాపిక ఉన్నాయి. ఆయన చూపు ఆ జ్ఞాపికకి అతుక్కుపోయింది.

దాన్ని అందించాల్సింది హైదరాబాదు నుంచి వచ్చిన ఆచార్య శ్రీవత్స. ఈ సినిమా మీదే పరిశోధన చేసి డాక్టరేటు పట్టా పుచ్చుకున్న మనిషి.

"వీరు ఉత్త దర్శకులు కారు..." అని మొదలుపెట్టారు.

"కారు కాదండీ, స్కూటరు," అన్నాడు సౌభాగ్య పక్కనున్న ఆమె తమ్ముడు దిలీప్. ఆ సినిమాలో హీరో అతనే.

"మార్గదర్శకులు!" అని పూర్తి చేశారు ఆచార్యులు. "కథానాయకుడు స్కూటరు మీద సొంతూరు బయల్దేరతాడు. దారిలో పదకొండుసార్లు ఆగుతాడు. ఎందుకో చెప్పడు. ఈ సినిమా అందమంతా ఆ ఆగడాల్లోనే ఉంది."

"మా తమ్ముడు ఏ ఆగడాలూ సెయ్యలేదండీ!" మళ్ళీ లేచింది సౌభాగ్య. దిలీప్ చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.

"ఏడోసారి ఆగినప్పుడు దూరంగా చూస్తూ వెక్కి వెక్కి ఏడుస్తాడు. ఆ ఏడుపు మీదే నేను నలభై పేజీలు రాశాను. చివరికి ఊరు చేరకుండానే సినిమా అయిపోతుంది. ఆహా! త్రినాథరావుగారూ, అన్నిసార్లు ఆపడం వెనక మీ ఉద్దేశం ఏమిటి? మీ నోటితో ఆ మాట విని, ఈ చేత్తో జ్ఞాపిక ఇస్తాను."

మైకు ఆయన ముందుకొచ్చింది. "అంటే... జీవితం అనేది ఒక..." అని మొదలుపెట్టి త్రినాథరావు కిందికి చూశాడు. "నిజం సెప్పకు బావా" అన్నట్టు కింద నుంచి దిలీప్ తలకాయ అడ్డంగా ఊపుతున్నాడు. కానీ అబద్ధానికైనా స్క్రిప్టు ఉండాలి కదా! ఆయన సినిమాకే రాసుకోలేదు.

"ఉద్దేశం గిద్దేశం ఏటీ లేదు బాబూ," అనేశాడు. "అప్పుడు నాను గూడ్సు గార్డుని. పెళ్ళిళ్ళు తీసే వీడియో కెమెరా ఒకటి సంపాదించి, బండి చివర నాను కూర్చునే బ్రేకువ్యానులో పెట్టుకున్నాను. రోడ్డు పట్టాల పక్కనే పోతాది కదా. దిలీప్ రోడ్డు మీద స్కూటరు నడిపితే, నాను బండిలోంచి తీశాను."

ఆచార్యులు కళ్ళద్దాలు తీశారు. తనకు ఒక పట్టా తెచ్చిన సినిమా వెనక ఇన్ని పట్టాలున్నాయని ఆయనకిప్పుడే తెలిసింది.

"మరి ఆ ఆగడం?"

"గూడ్సుని లూపులో పెట్టీసేవోరండీ. అంటే, ఎనకొచ్చే ఎక్స్‌ప్రెస్సుకి దారివ్వడానికి పక్క లైన్లో నిలబెట్టీడం. నా బండాగితే హీరో కూడా ఆగాల కదా!"

నలభై పేజీల సిద్ధాంతంలో ఇంత పెద్ద లూపు. లోపమని చదువుకున్నా తప్పులేదు.

"పోనీ, ఆ ఏడుపు?"

ఇక దాచేదేముందని దిలీప్ లేచాడు. "నా టిఫిన్ క్యారేజీ బావ దగ్గిర బ్రేకువ్యానులో ఉందండీ. బండాగింది కదా అని తెచ్చుకోడానికి పరిగెత్తేసరికి సిగ్నలిచ్చేశారు. కళ్ళముందే పులిహోర ఎల్లిపోనాది. ఏడవక ఏటి సేస్తాను?"

"ఊరు చేరకపోవడం?" ఆచార్యుల గొంతు పీలగా వచ్చింది.

"అక్కడితో నా డ్యూటీ అయిపోయిందండీ," అన్నాడు త్రినాథరావు. "ఇంకో గార్డు ఎక్కాడు. నాను కెమెరాతో దిగిపోయాను."

జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆచార్యులు మాత్రం బల్ల మీది జ్ఞాపికను తీసి గుండెకి హత్తుకున్నారు. "క్షమించండి. ఆగడం వెనక ఒక మనిషి మనసుండాలి. కోపమో తాపమో ఏదో ఒకటుండాలి. అది లేకపోతే సినిమా అనరు, టైంటేబులు అంటారు. దీన్ని నేను ఇవ్వలేను."

త్రినాథరావు చాచిన చెయ్యి చాచినట్టే ఉండిపోయింది.

"ఒక్క నిమిషం బాబూ!" వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచాడు. "నాను గోవిందరావుని. ఇక్కడే కుదుదండ్‌లో ఉంటాను. ఏ బండి ఆగాలో, ఏది పోవాలో స్టేషన్లకి ఫోన్లో సెప్పే డ్యూటీ సేసి రిటైరయ్యాను. ఆ సినిమా తీసిన దినం డ్యూటీలో ఉన్నది నానే. త్రినాథు బండి ఎనకాల ఎక్స్‌ప్రెస్సు ఒక్కటీ లేదు."

"ఏటీ!" త్రినాథరావు కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు. "మరి పదకొండుసార్లు లూపులో ఎందుకెట్టారు?"

"నానే పెట్టించాను. కావాలనే."

"కావాలనే!" ఆచార్యుల మొహం వెలిగిపోయింది. "అయితే ఉద్దేశం ఉంది! మనసుంది! నా నలభై పేజీలూ బతికిపోయాయి!" గబగబా జ్ఞాపికను త్రినాథరావు చేతిలో పెట్టేశారు. శాలువా పట్టుకుని కిందికి దిగి, గోవిందరావు భుజాల మీద కప్పి, మైకు అందించారు. "ఇప్పుడు అందరికీ చెప్పండి స్వామీ, ఏమిటా ఉద్దేశం?"

గోవిందరావు గొంతు సవరించుకున్నాడు. "హీరో ఏషం నాకిస్తానని మాటిచ్చి, ఆకరికి బామ్మర్దికి ఇచ్చీసినాడు బాబూ!"