తక్కెడ పక్కన ఫోను

"చెయ్యి తియ్యప్పా! కుంకం పెట్టినాక ముట్టగూడదు."

సుందరమ్మ కేకకు కొడుకు చేతన్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. దేవుని ముందర పీట మీద కత్తెర, స్కూటర్ తాళాలు, కొట్లోంచి తెచ్చిన పాత ఇనప తక్కెడ. ఆ తక్కెడ పక్కనే చేతన్ లాప్‌టాపూ ఫోనూ! వాటికీ పసుపు కుంకుమలు, పైన ఒక్కో బంతిపువ్వు. స్నానం చేసి వచ్చేలోపల ఎంత పని జరిగిపోయింది!

"నా ఫోను ఎందుకు పెట్టినావమ్మా ఈడ?"

"ఆయుధ పూజ గదా. మీ నాయనకు తక్కెడ, నీకు ఇది. దేంతో బువ్వ తింటామో దానికి ఈ పొద్దు సెలవు. రేపు పొద్దున హారతిచ్చి దించుతా."

"రేపా! సాయంత్రం ఏడింటికి నాకు లైవ్ ఉండాది!"

"దేవుని కంటేనా?"

చేతన్ పళ్ళు నూరుకున్నాడు.

అతనిది చిత్రమైన వ్యాపారం. తన రోజును తాను ఎట్లా నడుపుకుంటాడో పదిమందికీ చూపించి నెలనెలా చందా తీసుకుంటాడు. ఏ పనికి ఏ యాప్, మెయిళ్ళు వాటంతటవే ఎట్లా సర్దుకోవాలి, రేపటి పనిని ఈ రాత్రే ఫోనుకు ఎట్లా అప్పజెప్పాలి, ఇవే పాఠాలు. బళ్ళారి బజార్లో తండ్రి విరూపాక్షయ్య పప్పులు ఉప్పులు అమ్ముతుంటే కొడుకు ఈ సరుకు అమ్ముతున్నాడు. ఈమధ్య బేరం పలచబడింది. ఈసారి లైవ్ బాగుంటేనే ఉంటామని చాలామంది ముఖానే చెప్పేశారు. ప్రపంచంలోని పనులన్నీ క్యాలెండర్లో ఎక్కించిన మహానుభావుడు ఆయుధ పూజను మాత్రం ఎక్కించలేదు.

అన్నిటికంటే అతని భయం 'హగరి' గురించి. ఆ సభ్యుడికి ఊరి పేరే తప్ప అసలు పేరు లేదు, ఫోటో లేదు. హగరి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పెద్ద సైంటిస్టు అయ్యుంటాడని చేతన్ నమ్మకం. పాఠం పెట్టిన పది నిమిషాల్లో వినేస్తాడు. సందేహం రాసి పంపితే చేతన్ గంటసేపైనా ఓపికగా విడమరిచి జవాబు రాస్తాడు. 'నెలకొకరోజు ఫోనుకు సెలవు' అనే పాఠాన్ని మళ్ళీ చెప్పమని అడిగింది ఆయనొక్కడే. ఆ పాఠం చెప్పినవాడు మాత్రం ఒక్కరోజూ పాటించలేదనుకోండి, అది వేరే సంగతి.

మధ్యాహ్నానికి చేతన్ కాలుగాలిన పిల్లి అయ్యాడు. ఖాళీ జేబు తడుముకుంటాడు, వాకిట్లోకి పోతాడు, మళ్ళీ పీట దగ్గరికొస్తాడు.

"అమ్మా, పోనీ నీ ఫోనియ్యి. నీది పూజలో పెట్టలేదు గదా."

సుందరమ్మ గబుక్కున ఫోను కొంగులో దాచుకుంది. "నాదేం ఆయుధమప్పా? మీ పిన్నితో మాట్లాడే డబ్బా. దాంట్లో ఏముండాది నీకు?"

అంతలో చేతన్‌కే తట్టింది. ఎవరి ఫోను తెచ్చినా తన ఖాతా తెరవాలంటే ఓటీపీ నంబరు తన ఫోనుకే వస్తుంది. ఖాతాల తాళాలన్నీ ఒక్కచోటే పెట్టుకోమన్నది తన మొదటి పాఠం. ఆ ఒక్కచోటు ఇప్పుడు బంతిపువ్వు కింద స్విచాఫ్ అయ్యుంది. ఖర్మ!

"ఎందుకట్ల తిరుగుతాండావు? కూర్చో. ఓళిగలు తిను," అని నెయ్యి వడ్డించి సుందరమ్మ ఎదురుగా కూర్చుంది. "ఆ తక్కెడ చూస్తే నీకు రెండేండ్లప్పుడు..."

ఈ కథ ఎప్పుడు మొదలుపెట్టినా చేతన్ ఫోను చూస్తూ "ఊఁ" అనేవాడు. సగంలోనే లేచిపోయేవాడు. ఈరోజు చూడ్డానికి ఏమీ లేదు.

"నెల్లాళ్ళు జ్వరం నీకు. తగ్గితే నీ ఎత్తు బెల్లం ఇస్తానని మొక్కుకున్నా. తగ్గినాక ఆ తక్కెడలోనే కూర్చోబెట్టినారు. ఎంత ఎండిపోయినావంటే, నాలుగు అచ్చులు పెట్టంగానే నీ పళ్ళెం పైకి లేసింది. బిడ్డ ఇంత తేలికా అని అందరూ ఒకరి మొగం ఒకరు చూస్తాండారు. నాకు ఏడుపొచ్చింది."

"తర్వాత?" అన్నాడు చేతన్. ఆ మాట అతని నోట రావడం అదే మొదలు.

సుందరమ్మ గొంతు తగ్గించింది. "నీ ఎనకాల నిలబడి, ఎవురికీ కనపడకుండా పళ్ళేన్ని వేలితో కిందికి నొక్కినా. ఇంకో నాలుగు అచ్చులు పెట్టించినా."

"కొట్టు పెట్టుకున్న ఇంట్లో తక్కెడ నొక్కినావా! నాయనకు తెలుసా?"

"తెలిస్తే ఊరుకుంటాడా? నీకే చెప్పేది."

చేతన్ పకపకా నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. అమ్మ మీద ఎన్నడూ లేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. కథ మీద కథ చెప్పించుకుంటూ కూర్చుంటే సాయంత్రం ఏడు ఎప్పుడు దాటిందో అతనికి తెలియనే లేదు.

పొద్దున హారతిచ్చి సుందరమ్మ ఫోను చేతిలో పెట్టగానే స్విచాన్ చేశాడు. చందాదారుల గుంపు తెరిచాడు. "యాడున్నారు సార్?" "ఇదేం పద్ధతి?" చంద్రశేఖర్ అనే పాత సభ్యుడు నాలుగు చీవాట్లు పెట్టి తప్పుకున్నాడు. అతని వెనకే మరికొందరు.

అన్నిటికన్నా కింద, రాత్రి వచ్చిన హగరి సందేశం ఉంది. ఈయన కూడా పోతే ఇక దుకాణం మూసుకోవడమే. చేతన్ చదివాడు.

"సార్, ఫోనుకు సెలవు పాఠం పనిచేసింది, మావాడు తక్కెడ కథ ఆఖరిదాకా విన్నాడు."