నిన్నటి ఫోల్డర్

“మళ్లీ అదే మాట! ‘మీకు అనుమతి లేదు’ట. నాకు!”

స్కానింగ్ గదిలోంచి బాబాయ్ కేక ఆసుపత్రి వరండా దాకా వినబడింది. సర్వర్ చూసుకునే అమ్మాయి పరుగున వచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన నెరిసిన జుట్టు చూసి ‘తాతయ్యా’ అని పిలిచి చీవాట్లు తింది. “నేనింకా తాతను కాలేదమ్మాయ్. అందరిలా బాబాయ్ అను” అన్నాడాయన.

ముందురోజు తీసిన స్కాన్లన్నీ తెరిచి చూడనిదే ఆయన టీ కూడా ముట్టడు. బొమ్మ మసకబారినా, కుడిఎడమల గుర్తు తప్పినా డాక్టర్ల కంటే ముందు తానే పట్టుకోవాలి.

“మిగతావన్నీ తెరుచుకున్నాయి. ఇదొక్కటే మొండికేసింది.”

ఫోల్డర్ మీద పేరు లేదు, నంబరు మాత్రమే ఉంది.

“నిన్న మీకు సెలవు కదా బాబాయ్. కొత్తాయన సేవ్ చేయడంలో ఏదో తేడా చేసుంటాడు.”

“కొత్త మిషను, కొత్త మనిషి” అని ఆయన మొహం చిన్నబుచ్చుకున్నాడు.

ఇంతలో ఫోన్ మోగింది. “పనిలో ఉన్నా తల్లీ... సరేలే, పెందలాడే వస్తా” అని పెట్టేశాడు. “మా అమ్మాయి. తొందరగా రమ్మని పొద్దుట్నుంచీ ఒకటే గొడవ.”

సర్వర్ చూసుకునే అమ్మాయి ఆ ఫోల్డర్ అనుమతుల జాబితా తెరిచి చూసింది. లాగిన్ సరిగ్గానే ఉంది. స్కానింగ్ గది వాళ్లందరికీ అనుమతి ఉంది. కింది వరుస చూడగానే నోరు జారింది.

“ఇది పొరపాటు కాదు బాబాయ్. మీ పేరు మీద నిషేధం పెట్టారు.”

“నా ఒక్కడి మీదేనా?”

“అవును. అందరితో పాటు అనుమతి ఉన్నా, విడిగా నిషేధం పెడితే అదే చెల్లుతుంది.”

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. “ఇవాళ ఒక ఫోల్డర్. రేపు ఈ గది తాళం. మెల్లగా సాగనంపుతున్నారమ్మా.”

అమ్మాయికి ఒళ్లు మండింది. స్కానింగ్ విభాగం చూసే డాక్టరమ్మ మాట లేకుండా కొత్తాయన ఇంత పని చేయడు. వరండాలోకి వెళ్లి ఫోన్ కలిపింది. “ఇంతకాలం నమ్మకంగా పనిచేసిన మనిషిని ఇలాగేనా డాక్టర్...” అంటూ ఆగిపోయింది. అటునుంచి మాటలు వింటున్నకొద్దీ ఆమె కళ్లు నిండాయి.

“ఆ నిషేధం తీయను డాక్టర్. ఈ ఒక్కరోజూ ఉండనిస్తాను... లేదు, ఆయనతో చెప్పను.”

లోపలికి రాగానే బాబాయ్ అడిగాడు. “ఏమన్నారు?”

“సర్వర్లో ఏదో ఇబ్బందట. రేపటికి తెరుచుకుంటుంది.”

“నీకు అబద్ధం చెప్పడం కూడా చేతకాదు.”

“ఈ ఒక్కరోజుకి నన్ను నమ్మండి బాబాయ్. ఇంటికి వెళ్లండి. మీ అమ్మాయి ఎదురుచూస్తోంది.”

ఆయన లేచి, భుజం మీది తువ్వాలుతో కొత్త మిషనును ఓసారి తుడిచాడు. పక్కనున్న పాత మిషనునూ తుడిచాడు. వెళ్లిపోయాడు. ఆయన వంగిన వీపు చూస్తుంటే ఆ అమ్మాయి ప్రాణం విలవిల్లాడింది. ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ ఆ మాట చెప్పాల్సింది తను కాదు.

సాయంత్రం ఆమె బ్యాగు సర్దుకుంటుంటే ఫోన్ మోగింది.

“బాబాయ్?”

ఆయన ఏడుస్తున్నాడని తెలుస్తోంది.

“నీకు ముందే తెలుసు కదూ?” అన్నాడు చివరికి.

“డాక్టర్ గారు చెప్పారు. నిన్నటి ఆ స్కాన్ మీ అమ్మాయిదేనట. ఆ మాట తనే తన నోటితో చెప్పాలనుకుందట.”

“చెప్పింది. నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది.”

“రేపు పొద్దున్నే ఆ ఫోల్డర్ తెరుస్తాను బాబాయ్.”

“తెరువు. కానీ ఆ పిలుపు ఇక మానెయ్యి.”

“మరేమని పిలవను?”

“తాతయ్యా అను.”