చాలాయన

కాఫీ ఒక గుక్క తాగి, "చాలా బాగుందమ్మా" అన్నాడు కొత్తాయన.

హోటలు నడిపే ఆర్డిస్ తత్తరపడింది. కప్పులు కడిగే నెపంతో లోపలికి వెళ్లిపోయింది.

ఉత్తర మిన్నెసోటాలో సరస్సు ఒడ్డునున్న ఆ ఊళ్లో ఎవరూ 'చాలా' అనరు. ఇల్లు కాలి బూడిదైనా, కాస్త వేడి చేసిందంటారు. ప్రాణం మీదికొస్తే, కొంచెం నలతగా ఉందంటారు. 'చాలా' అనేవాడు వాళ్ల లెక్కలో కోతలరాయుడు.

కొత్తాయన పేరు వాల్టర్. రిటైరయ్యాక సరస్సు పక్కన ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. ఆయనకు చలి చాలా ఎక్కువ, చేప చాలా రుచి, ఊరివాళ్లు చాలా మంచివాళ్లు. అందుకే ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన సెల్మర్ ఆయనకు చాలాయన అని పేరు పెట్టాడు. సెల్మర్ ముసలాడయ్యాడు గానీ, వెటకారం మాత్రం ముసలిది కాలేదు.

చలికాలం మొదట్లో సరస్సు గడ్డకట్టింది. ఏటా మంచుకు కన్నం పెట్టి చేపలు పట్టే గుడిసెను అందరికంటే ముందు మంచు మీద దించేది సెల్మరే. ఆ ఏడూ గుడిసెను ట్రక్కుకు కట్టుకుని బయల్దేరాడు. చూడటానికి ఒడ్డున జనం చేరారు.

వాల్టర్ వచ్చి ట్రక్కుకు అడ్డంగా నిలబడ్డాడు.

"వెళ్లొద్దండీ. ఇప్పుడే మంచుకు కన్నం పెట్టి చూసొచ్చాను. చాలా పల్చగా ఉంది."

"ఎంత చాలా? ఆర్డిస్ కాఫీ అంతా?" అన్నాడు సెల్మర్.

అందరూ నవ్వారు. ఊరివాడెవడైనా వచ్చి కొంచెం పల్చగా ఉందని గొణిగితే, సెల్మర్ మారుమాట లేకుండా ట్రక్కు వెనక్కి తిప్పేవాడు. చాలా అన్నాడు కాబట్టి ముందుకే పోనిచ్చాడు.

కొంత దూరం పోగానే ముందు చక్రాలు దిగబడ్డాయి. తలుపు తోసుకుని బయటపడబోయి సెల్మర్ నీళ్లలో పడ్డాడు.

ఒడ్డున వాళ్లు కొయ్యబారిపోయారు. వాల్టర్ ఒక్కడే పడవ తాడు అందుకుని, ఒక కొస వాళ్ల చేతికిచ్చి, మంచు మీద బోర్లా పడుకుని పాకుతూ వెళ్లాడు. రెండో కొస సెల్మర్ చంకల కింద నుంచి కట్టి, లాగమని కేకేశాడు. జనం లాగారు. సెల్మర్ ఒడ్డుకు చేరాడు. వాల్టర్ కింద మంచు విరిగింది.

మర్నాడు శవం దొరికింది.

అంత్యక్రియలకు టెక్సాస్ నుంచి వాల్టర్ చెల్లెలు లెనోర్ వచ్చింది. చర్చిలో భోజనాల దగ్గర సెల్మర్ ఆమె ఎదురుగా కూర్చున్నాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

"మీ అన్నయ్య మాట నేను నమ్మలేదమ్మా. ఎప్పుడూ చాలా, చాలా అంటుంటే నవ్వుకున్నాం."

"చిన్నప్పట్నుంచీ అంతేనండీ. ఎవరైనా 'కొంచెం' అంటే మా అన్నయ్య ఒప్పుకునేవాడు కాదు" అంది లెనోర్. "మా చిన్నప్పుడు చేపలు పట్టుకుందామని నాన్న ఒకసారి మమ్మల్ని ఈ ఊరు తీసుకొచ్చాడు. టెక్సాస్ వాళ్లం, మంచు సంగతి మాకేం తెలుసు? ఒడ్డున ఒక కుర్రాణ్ణి అడిగితే, కొంచెం పల్చగా ఉందన్నాడు. కొంచెమే కదా అని నాన్న వెళ్లాడు. మేం చూస్తుండగానే మునిగిపోయాడు."

సెల్మర్ చెంచా కింద పెట్టేశాడు.

"ఆ అబ్బాయి తప్పేం లేదులెండి" అందామె.

ఆ అబ్బాయి తనేనని చెప్పడానికి సెల్మర్‌కు నోరు పెగల్లేదు.