ఎదురుగా కూర్చున్నవాడు

“అతను ఎక్కితే నేను దిగుతాను,” అన్నాడు టైలరు, పడవలో ఒక కాలు పెట్టి. “ముప్పై ఏళ్ల కిందట గెలిచే పడవ పందెం పోగొట్టింది చాలదా?”

అతను అంటే వడ్రంగి చెల్లెలి మొగుడు. ఆ మాట ఇంకెవర్నో అన్నట్టు, గట్టు మీద కూర్చుని ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుంటున్నాడు.

“నలుగురం లేందే ఇది కదలదు. పాతదైపోయిందని రేపు దీన్ని రంపం కింద పెట్టేస్తారు. ఇవాళ కూడా పంతాలేనా?” అన్నాడు బేకరీ ఆయన.

వడ్రంగి పడవలోకి వంగాడు. సీటు మీద చెయ్యి వేసి చూశాడు. తను చిత్రిక పట్టిన చెక్కే. అరిగి అరిగి అద్దంలా ఉంది.

ఆ పందెం చివర్లో వడ్రంగి తెడ్లూ, వెనక సీటులోని బావ తెడ్లూ కొట్టుకున్నాయి. బావ తొందరపడ్డాడని ఊరంతా అంది. మళ్లీ అతన్ని ఎవరూ పడవ ఎక్కనివ్వలేదు. నిజానికి ఊపిరందక ఒక్క క్షణం చేతులు ఆపేసింది వడ్రంగే. తెడ్డు వేసేవాళ్లంతా వెళ్లే వైపుకు వీపు పెట్టి కూర్చుంటారు. వాళ్ల ముఖాలు కనబడేది ఎదురుగా కూర్చుని, చుక్కాని పట్టి తాళం చెప్పే డ్రిల్లు మాస్టారికే. ఆ కళ్లకు జడిసి వడ్రంగి ఇన్నేళ్లూ మాస్టారి వీధిలో అడుగు పెట్టలేదు. ఇవాళ అందరి ముందూ ఒప్పేసుకుందామనే వచ్చాడు. ముందుగా మాస్టారిని పడవల షెడ్డు వెనక్కి పిలిచాడు.

“ఆ రోజు మీరు చూశారు కదా మాస్టారూ.”

“ఏం చూశాను?”

“చివర్లో. నన్ను.”

మాస్టారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “ఎవరితోనూ అనకు. ఆఖరి యాభై గజాలూ కళ్లు మూసుకునే తాళం చెప్పాను. భయం వేసిందయ్యా. అసలేం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.”

ఎవరూ చూడలేదన్నమాట. చెబుదామని కూడగట్టుకున్న మాట వడ్రంగి గొంతులోంచి మెల్లగా కిందికి జారిపోయింది. ఒళ్లు తేలికైంది. అంత తేలికవడం అతనికే కొంచెం సిగ్గనిపించింది.

“పోనీలేరా, పాత గొడవలు ఇప్పుడెందుకు,” అని టైలరుకి పెద్దమనిషి తరహాలో సర్దిచెప్పాడు.

టైలరు గొణుక్కుంటూనే కూర్చున్నాడు. అందరూ ఎవరి సీట్లలో వాళ్లు సర్దుకున్నారు. పడవ గట్టు వదలగానే నలుగురి భుజాలూ వాటంతటవే వయసు మరిచిపోయాయి. మాస్టారు చెయ్యి ఎత్తాడు.

వెనకనుంచి బావ ముందుకు వంగి, వడ్రంగికి మాత్రమే వినబడేలా అన్నాడు:

“ఈసారి ఆయాసమొస్తే ముందే చెప్పు బావా, ఇద్దరం కలిసే ఆపుదాం.”