రక్తం ఎక్కినంతసేపు

పెళ్లాం మీద ప్రేమ ఒలకబోయడంలో ఆ మహానుభావుడి తర్వాతే ఎవరైనా.

"ఆస్పత్రి బెంచీల మీద మా ఆవిడ పడిగాపులు పడుతుంటే చూడలేను సిస్టర్! అందుకే రక్తం ఇంట్లోనే ఎక్కించమన్నాను," అన్నాడు, హాల్లో కూర్చున్న చుట్టాలందరికీ వినపడేలా.

ఆవిడ చేతికి సూది పెట్టి, రక్తం సంచిని స్టాండుకు తగిలించాను.

"కాస్త మెల్లగా ఎక్కించు తల్లీ," అందావిడ.

నొప్పేమోనని చుక్కల వేగం తగ్గించాను.

ఇంతలో మహానుభావుడు తలుపులోంచి తల దూర్చాడు. "ఇంకా ఎంతసేపు సిస్టర్? చుట్టాలకు ఆకలేస్తోంది. సూది తీయగానే వంటింట్లోకి పంపించండి."

ఆహా, ఏం ప్రేమ! నేరుగా కడుపులోంచే వస్తోంది.

"నొప్పి తగ్గిందా అమ్మా?" అడిగాను.

"నొప్పెక్కడిది తల్లీ?" ఆవిడ కళ్లు మూసుకుంది. "ఈ సూది ఉన్నంతసేపే నన్నెవరూ లేపరు."