బండగారు

ఎనభై ఎనిమిది వానాకాలం, ఫిల్మ్‌నగర్ గుట్టల మీద షూటింగ్. నేను హాస్య సంభాషణల రచయితని. "రాయి, రాయి" అంటూ డైరెక్టరు రోజూ నా నెత్తిన రాళ్ళు వేస్తుంటాడు. కమెడియన్ ఎత్తి విసరడానికి ఆర్ట్ అసిస్టెంట్ సత్యానందం థర్మోకోల్‌తో ఏనుగంత బండ చేసి, అసలు బండల పక్కనే నిలబెట్టాడు.

చీకటి పడుతుండగా వాన విరుచుకుపడింది. ప్యాకప్ అన్నారు. అందరూ గుట్ట దిగువనున్న వ్యాన్‌లోకి పరుగెత్తారు. చెప్పు తెగి నేను వెనకబడ్డాను. థర్మోకోల్ బండ చాటుకి చేరి వీపు ఆనించాను. అది మెల్లగా ఊగింది.

"ఒరేయ్ బండా! నా బండ జోకులకి జనమే కదలరు. నువ్వు కదిలావు, నీకే మనసుందిరా!" అంటూ భుజంతో ఇంకోసారి నెట్టాను. మళ్ళీ ఊగింది. దాని అడుగున బురద చప్పరించిన చప్పుడైంది.

కింద నుంచి సత్యానందం కేకేశాడు. "గురువుగారూ, రండి! మన థర్మోకోల్ బండ కూడా బండెక్కేసింది, మీరే మిగిలారు!"

నవ్వబోయి ఆగిపోయాను. వీపుకి తగులుతున్నది చల్లగా, గరుకుగా ఉంది. దాని కింది మట్టిని వాననీరు తోడుకుపోతోంది. సరిగ్గా దిగువన వ్యాన్, దాని నిండా మనుషులు.

"వ్యాన్ తియ్యండిరా! బండ కదులుతోంది!" అని అరిచాను.

"అదిరింది గురువుగారూ! ఇంకోటి వదలండి!" అన్నాడు సత్యానందం. అందరూ ఘొల్లున నవ్వారు.

బురద మళ్ళీ చప్పరించింది. నేను వెనక్కి తిరిగి, రెండు అరచేతులూ రాతికి ఆనించాను.

"ఆగండి," అన్నాను. "కాస్త ఆగండి."